వంటగది మాట ఎత్తకండి

థార్న్‌లీ
1999 ఫిబ్రవరి 7

అన్నయ్యా,

ఉత్తరం క్షేమంతో మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు కాబట్టి, క్షేమం. ఇక నిజం రాస్తాను.

విడాకులొచ్చి నాలుగు నెలలైంది. ఇల్లు అమ్ముకోండి, చెరిసగం తీసుకోండి, ఎవరి దారి వాళ్ళు చూసుకోండి అని కోర్టు వాళ్ళు చక్కగా చెప్పారు. అది అమ్ముడుపోయేదాకా ఎక్కడ ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అద్దెకి పోదామంటే ఇద్దరి దగ్గరా చేతిలో ఏమీ లేదు, ఉన్నదంతా ఈ గోడల్లోనే ఉంది. అందుకని నేను వెనకగదిలో, నార్మన్ ముందుగదిలో. వంటగదికి వేళలు పెట్టుకున్నాం. సాయంత్రం ఐదు నుంచి ఆరు నాది, ఆరు నుంచి ఏడు అతనిది. ఆరు కొట్టేసరికి నా బంగాళాదుంపలు ఉడికినా ఉడక్కపోయినా పళ్ళెంలో వేసుకుని మెట్లెక్కాలి. అతను గుమ్మం దగ్గర నిలబడి గడియారం వంక చూస్తాడు, నా వంక చూడడు. ఆపైన ఆ ఈల ఒకటి. ముప్పై ఏళ్ళుగా అదే పాట, అందులోనూ సగమే. మిగతా సగం ఎలా ఉంటుందో తెలియకుండానే చచ్చిపోతానేమో.

ఫోన్ చెయ్యకుండా రాస్తున్నానని తిట్టుకోకు. ఫోన్ మెట్ల కింద ఉంది. నేను హలో అనగానే పైన ఈల ఆగిపోతుంది. పైగా నీ చెవులకి సగం మాటలే వినపడతాయి, మిగతావి నువ్వే కల్పించుకుంటావు.

మంచి మాట కూడా ఉంది. ఇంటికి కొనేవాళ్ళు దొరికారు. గ్యారీ, మిషెల్ అని కుర్ర జంట. ఆ పిల్లకి మేలో కాన్పు. మెట్లెక్కేటప్పుడు ఆయాసపడుతూ కూడా "ఇక్కడ ఉయ్యాల పెట్టుకుందాం" అంది నా గదిలోకి తొంగిచూసి. నేను ఫైలీలో ఒక చిన్న ఫ్లాటు చూసుకున్నాను. సింకు ముందు నిలబడితే కిటికీలోంచి సముద్రమే. యజమాని ఆర్మరాయిడ్ గారని పెద్దావిడ, మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు కడుక్కుంటూ బతికేస్తాను అన్నయ్యా, అంతకంటే ఏమీ అడగను.

ఇప్పుడు కాగితాలు చూడటానికి లాయరు కావాలి. ఇల్లమ్మే ఏజెంటు, జుట్టుకి జిగురు పూసుకునే కుర్రాడు, వాళ్ళకి తెలిసినవాళ్ళనే పెట్టుకోమంటాడు. వాళ్ళు ఎక్కడో పెద్ద ఆఫీసులో ఉంటారట, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు పలుకుతుందట. నార్మన్ని అడిగితే "నీ ఇష్టం, సంతకం ఎక్కడో చూపించు చాలు" అన్నాడు. అంత మంచితనం నాకు నచ్చలేదు. ఏదో మనసులో పెట్టుకున్నాడు. ఎవర్ని పెట్టుకోమంటావు?

వదినకి ముద్దులు.

నీ చెల్లెలు,
హేజెల్

పెన్జాన్స్
1999 ఫిబ్రవరి 13

చిరంజీవి హేజెల్‌కి,

ఉత్తరం అందింది. ఫిబ్రవరిలోనే ఇక్కడ పూలొచ్చాయని చెబితే మీ ఉత్తరాది వాళ్ళు నమ్మరు గానీ, మీ వదిన కెమెలియా చెట్టు విరగబూసింది. రోజూ దానితో మాట్లాడుతోంది. నాతో కంటే ఎక్కువే మాట్లాడుతోంది.

లాయరు సంగతికి ఆలోచించాల్సిన పనే లేదు. హార్డ్‌కాజిల్ గారి దగ్గరికి వెళ్ళు. నాన్న ఇల్లు కొన్నప్పుడూ, నాన్న వీలునామా చదివినప్పుడూ ఆయనే. మన ఇంటి పేరు చెబితే లేచి నిలబడతాడు. నేను స్టేషన్ మాస్టరుగా పాతికేళ్ళు నేర్చుకున్నది ఒక్కటే. ఏ మాటైనా రాతపూర్వకంగా ఉండాలి, సంబంధించిన అధికారికి తెలిసి ఉండాలి. ఈ రెండూ ఉంటే రైలు పట్టాలు తప్పినా మన ఉద్యోగం పోదు. నీ విషయంలోనూ అంతే.

నార్మన్ ఊరికే సంతకం పెడతానన్నాడంటే జాగ్రత్త. పేకాటలో కూడా అతను ముక్క దాచుకునే మనిషి. మీ పెళ్ళికి ముందే నేను చెప్పాను, నాన్న వినలేదు.

నీ కిటికీ నీకు దొరకాలని కోరుకుంటూ,

అన్నయ్య
ఎడ్గర్

థార్న్‌లీ
1999 ఫిబ్రవరి 25

అన్నయ్యా,

నీ హార్డ్‌కాజిల్ గారు లేచి నిలబడలేదు. నేను వెళ్ళేసరికి కుర్చీలో నిద్రపోతున్నారు. గుమాస్తా వచ్చి భుజం తడితే కళ్ళు తెరిచి, "మీ నాన్నగారు కులాసానా?" అన్నారు. నాన్న వీలునామా చదివిన నోరే కదా అది! "కులాసానే, కదలడం లేదు అంతే" అన్నాను. ఆయనకి చాలా సంతోషమైంది. మా ఇంటి పని ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే "తొందరపడితే తప్పులొస్తాయమ్మా, వచ్చే చలికాలానికి చూద్దాం" అన్నారు. చలికాలానికి నేను నార్మన్ని చంపి జైల్లో ఉంటాను.

అక్కణ్ణుంచి బయటపడి, మార్కెట్టు మూల మాంసం పఫ్‌లమ్మే కొట్టు పైన బోర్డు చూసి మెట్లెక్కాను. అఖ్తర్ గారని ఒకావిడ. నలభై ఏళ్ళుంటాయి. ఫైళ్ళమీద కూడా కింద కొట్టు వాసనే. గంటసేపు కూర్చోబెట్టి అన్నీ అడిగింది. నేను వాగుతుంటే మధ్యలో ఆపి "అది విడాకుల సంగతమ్మా, నాకు గోడల సంగతి చెప్పండి" అంది. నాకు నచ్చేసింది. నార్మన్ మరునాడు వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు. "ఆవిడ దగ్గర టీ బావుంది" అన్నాడు. నాలుగు నెలల్లో నాతో అన్న అతి పెద్ద మాట అది.

ఆవిడ చెప్పిందాన్నిబట్టి మేం ఒక గొలుసులో ఉన్నాం. గ్యారీ వాళ్ళు కొనాలంటే ముందు వాళ్ళ ఒంటిగది ఫ్లాటు అమ్ముడుపోవాలి. నేను ఫ్లాటు కొనాలంటే గ్యారీ వాళ్ళు కొనాలి. ఆర్మరాయిడ్ గారు వెళ్ళాలంటే నేను కొనాలి. అందరి ఒప్పందాలూ ఒకే రోజు చేతులు మారాలి. ఆ రోజు దాకా ఎవరి మాటకీ కట్టుబాటు లేదు, ఎవరైనా టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోవచ్చు. ఎక్కడో ఒకరు తుమ్మితే అందరికీ జలుబే. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ సంచులతో నా సంచీ ముడిపెట్టి ఉంది.

ఇంకొక్క చిక్కు ఉంది. మా వంటగది గుర్తుందిగా? ఎనభై ఏడులో నార్మన్ వెనక పెరట్లోకి పొడిగించి తనే కట్టాడు, ప్రతి శని ఆదివారం, బస్సు డ్యూటీ లేనప్పుడు. నాకు వెలుతురు కావాలన్నానని. దానికి కౌన్సిల్ అనుమతి తీసుకున్నారా అని అఖ్తర్ గారు అడిగింది. నార్మన్ కౌన్సిల్ని అడగడమా! అప్పట్లో మా వీధిలో ఎవడడిగాడు? ఆవిడ పెన్ను కింద పెట్టి, నా కళ్ళలోకి చూసి, "ఒక్క సంగతి హేజెల్ గారూ. కొనేవాళ్ళకి ఉన్నదున్నట్టు నేను రాస్తాను. మీరు మాత్రం ఎవరి దగ్గరా ఆ వంటగది మాట ఎత్తకండి. కౌన్సిల్ వాళ్ళ దగ్గర అసలే ఎత్తకండి. నేను చూసుకుంటాను" అంది.

ఆరవుతోంది. ఈల వినపడుతోంది. ఉంటాను.

హేజెల్

పెన్జాన్స్
1999 మార్చి 1

చిరంజీవి హేజెల్‌కి,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నీకు కోపం వచ్చినా సరే చెబుతాను. అధికారుల దగ్గర దాచిపెట్టమని చెప్పే లాయరు లాయరు కాదు. ఇవాళ వంటగది దాచమంటుంది, రేపు ఇంకేం దాచమంటుందో! కొట్టు మెట్లెక్కి లాయర్ని పట్టుకుంటే ఇలాగే ఉంటుంది. అవతలివాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు కనుక్కుంటారు, అప్పుడు నీ పరువేం కాను? నార్మన్ పరువు గురించి నాకు బెంగ లేదు, అది ఎప్పుడూ లేదు.

నువ్వు భయస్తురాలివి. చిన్నప్పుడు కూడా అద్దం పగలగొట్టి మంచం కింద దాక్కున్నావు. నేనే వెళ్ళి నాన్నతో చెప్పాను. నాన్న కొట్టలేదు కదా? నిజం చెబితే ఎవరూ కొట్టరు. అందుకే ఈసారీ నేను చేయాల్సింది నేను చేశాను. ఏమిటని అడక్కు. నీ పేరు మీద మచ్చ పడకుండా, మర్యాదగా, రాతపూర్వకంగా చేశాను. కొద్ది రోజుల్లో నీకే తెలుస్తుంది, అప్పుడు నాకు థాంక్స్ చెబుదువు గాని.

మీ వదిన "మనకెందుకు" అంటోంది. ఆవిడకి కెమెలియా ఉంటే చాలు.

అన్నయ్య

థార్న్‌లీ
1999 మార్చి 2

అన్నయ్యా,

ఇవాళ నీ జవాబు కోసం ఆగలేదు, సంతోషం పట్టలేక రాస్తున్నాను. పోస్టులో మన ఉత్తరాలు ఒకదాన్నొకటి దాటుకుంటాయేమో, దాటుకోనీ!

వంటగది చిక్కు విడిపోయింది. అఖ్తర్ గారు నన్ను పిలిచి, కింద కొట్టు నుంచి పఫ్ తెప్పించి పెట్టి మరీ చెప్పింది. ఇలాంటి వాటికి ఒక ఇన్సూరెన్స్ ఉంటుందట. ఒక్కసారి కొంచెం కడితే చాలు. రేపెప్పుడైనా కౌన్సిల్ వాళ్ళు అనుమతి లేదని గొడవ చేస్తే నష్టం ఆ కంపెనీ భరిస్తుంది. గ్యారీ వాళ్ళ లాయరుకి అంతా చెప్పారు, వాళ్ళకి అప్పిచ్చే బ్యాంకుకీ చెప్పారు, అందరూ సరేనన్నారు. ఎవర్నీ మోసం చెయ్యలేదు, విన్నావా?

ఒక్కటే షరతు. కౌన్సిల్ చెవిన పడకూడదు. ఎవరైనా వెళ్ళి అడిగారా, ఇక ఏ కంపెనీ ఇన్సూరెన్స్ ఇవ్వదు. ఇల్లు అంటుకున్నాక అగ్గికి ఇన్సూరెన్స్ అడిగితే ఎవడిస్తాడు చెప్పు. అందుకే ఆవిడ నన్ను నోరు మూసుకోమంది. ఆ రోజు నాకు అర్థం కాలేదు, బెదిరించిందేమో అనుకున్నాను.

వచ్చే శుక్రవారం ఒప్పందాలు చేతులు మారతాయట. ఫైలీ కిటికీకి పరదాల గుడ్డ కొన్నాను, నీలం గీతలది. మంచం కింద దాచుకున్నాను, నార్మన్ చూస్తే దానికీ సగం అంటాడేమోనని. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీలుస్తున్నాను అన్నయ్యా. ఇవాళ మెట్లమీద దబదబా నడిచాను.

హేజెల్

పెన్జాన్స్
1999 మార్చి 8

చిరంజీవి హేజెల్‌కి,

నీ ఉత్తరం అందింది. సంతోషం.

ఇక్కడ వాన. తోటల్లో నర్సిస్సస్ పూలు కోస్తున్నారు, లారీలకి లారీలు లండన్ వెళుతున్నాయి. ఈ ఏడాది కాడలు పొట్టిగా ఉన్నాయని మార్కెట్లో అందరూ అనుకుంటున్నారు. మీ వదినకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

ఒక మాట అడుగుతాను, ఊరికే, తెలుసుకుందామని. కౌన్సిల్ ఆఫీసులకి రోజూ ఎన్నో ఉత్తరాలు వస్తాయి కదా. వాటిల్లో చాలావరకు ఎవరూ చదవరని విన్నాను. మీ ఊళ్ళో ఎలా? మా రైల్వేలో ఫిర్యాదులు ఆర్నెల్లు అరల్లో పడి ఉండేవి, కొన్నిటిని ఎలుకలు తినేసేవి.

పరదాల గుడ్డ తొందరపడి కత్తిరించకు. ఊరికే అంటున్నాను.

మీ వదిన నీకు ఫోన్ చెయ్యమని నన్ను పోరుతోంది. ఇవాళ లైను బాగాలేదు.

అన్నయ్య

థార్న్‌లీ
1999 మార్చి 14

అన్నయ్యా,

అంతా పోయింది.

బుధవారం నేను బడి భోజనాల పని నుంచి వచ్చేసరికి నార్మన్ హాల్లో నిలబడి ఉన్నాడు. ఈల లేదు. "కౌన్సిల్ మనిషి వచ్చి వెళ్ళాడు. వంటగది కొలిచాడు" అన్నాడు. చెత్త తియ్యమని మొరపెట్టుకుంటే మూడు వారాలకి గానీ రాని కౌన్సిల్, దీనికి మాత్రం వారంలో వచ్చింది. ఎవరో ఉత్తరం రాశారట. ఎవరని అఖ్తర్ గారు ఫోన్ చేసి అడిగితే చెప్పం అన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీ తప్పుకుంది. గ్యారీ వాళ్ళ బ్యాంకు అప్పు ఆపేసింది. శుక్రవారం వచ్చింది, పోయింది, ఏమీ చేతులు మారలేదు. మిషెల్ వేరే ఇల్లు చూస్తోందట. ఆర్మరాయిడ్ గారు ఈస్టర్ దాకా ఆగుతుందట, ఆపైన ఆగలేదట.

ఎవరు రాశారో నాకు తెలుసు. నన్ను ఇక్కడి నుంచి కదలనివ్వకూడదని ఎవరికుంటుంది? కొనేవాళ్ళ తరఫువాళ్ళు తమ పని తామే చెడగొట్టుకోరు కదా, ఇక ఆ వంటగదికి అనుమతి లేదని అతనికి, నాకు, అఖ్తర్ గారికి, నీకు తప్ప ఎవరికి తెలుసు? నువ్వు చేశానన్నది హార్డ్‌కాజిల్ గారికి రాసిన ఉత్తరమే అయ్యుంటుంది. నార్మన్ సంగతిలో నీ మాట ఎంత నిజం! ముక్క దాచుకునే మనిషే.

నోటికొచ్చినవన్నీ అన్నాను. పక్కింటివాళ్ళు గోడ తట్టేదాకా అన్నాను. "నేను ఈ గోడల మధ్యే కుళ్ళి చావాలనే కదా కట్టావు దీన్ని" అన్నాను. అతను కప్పు కింద పెట్టి పైకెళ్ళిపోయాడు. కాదు అనొచ్చు కదా? అనలేదు. అందుకే ఇంకా కడుపు మండిపోయింది. మెట్ల కింద అరలో వాళ్ళ నాన్న పనిముట్లుంటాయి చూడు, తాపీ, రసమట్టం. పిడి మీద వాళ్ళ నాన్న పేరు చెక్కి ఉంటుంది. వాటిని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి కాలవలో పారేశాను. వంతెన మీద నిలబడి మునిగేదాకా చూశాను కూడా. నాకేం సిగ్గుగా లేదు. నేను పోగొట్టుకున్నదాని ముందు అదెంత.

ఆరు దాటింది. ఇవాళ నేను వంటగదిలోంచి కదలను. రానీ, చూస్తాను.

హేజెల్

పెన్జాన్స్
1999 మార్చి 18

హేజెల్,

కౌన్సిల్‌కి రాసింది నేను.

నువ్వు నాకు ఇన్సూరెన్స్ గురించి రాయకముందే, మార్చి ఒకటిన పోస్టు చేశాను. 'చట్టానికి కట్టుబడిన ఒక కుటుంబం తరఫున' అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. చాలా బాగా రాశాననుకున్నాను. తర్వాత నీ నీలం గీతల ఉత్తరం వచ్చింది. అప్పుడే నీకు చెప్పాల్సింది. పోస్టాఫీసు ముందు ఫోన్ పెట్టె దాకా వెళ్ళాను. చిల్లర తీశాను. వెనక్కొచ్చి నర్సిస్సస్ పూల గురించి రాశాను. దాన్ని ఎవరూ చదవరులే అనుకున్నాను. భయస్తుడు ఎవరో ఇప్పుడు తెలిసింది కదా.

నార్మన్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు. నువ్వు అతన్ని అన్నవన్నీ నన్ను అన్నట్టే. ఆ తాపీ సంగతి చదివాక అన్నం సయించడం లేదు. మీ వదిన నాతో మాట్లాడటం మానేసింది. ఆ ఉత్తరం మీద నా పేరూ చిరునామా ఉన్నాయి, నేనేదీ పేరు లేకుండా రాయను. ఇప్పుడు రాస్తున్న ఈ ఉత్తరాన్ని కూడా నువ్వు ఎక్కడికైనా పంపు, ఎవరికైనా చూపించు. ఇక్కడ మా వెనకగది నీదే. ఎన్నాళ్ళైనా సరే.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

ఎడ్గర్

థార్న్‌లీ
1999 మార్చి 28

అన్నయ్యా,

నీ ఉత్తరం కిందటి వారం శనివారం పొద్దున వచ్చింది. గుమ్మం దగ్గర చాపమీద నుంచి తీసుకుని అక్కడే నిలబడి చదివాను. వెనక నుంచి ధన్ ధన్ మని చప్పుడు. వంటగదిలోకి వెళ్ళి చూస్తే నార్మన్ మోకాళ్ళ మీద ఉన్నాడు. మూలనున్న పలకలు లేపేసి, గడ్డపారతో నేల తవ్వుతున్నాడు. పెరట్లో గోడ వెంబడి అప్పటికే ఒక గొయ్యి. నడుము నొప్పని చెప్పి నాలుగేళ్ళ కిందట బస్సు ఉద్యోగం మానేసిన మనిషి.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"పునాది చూపిస్తే పరీక్ష చేసి కాగితం ఇస్తారట. కౌన్సిల్‌కి తెలిసిపోయింది కదా, ఇక అదొక్కటే దారి అంది అఖ్తర్ గారు."

"ఎప్పుడడిగావు ఆవిణ్ణి?"

"నువ్వు నన్ను తిట్టిన మరునాడు. ఆవిడ దగ్గర టీ బావుంటుంది."

చేతిలో ఉత్తరం ఉంది. దాన్ని మడిచాను. చివరికి "నార్మన్, ఆ రాసింది నువ్వు కాదు. మా అన్నయ్య" అన్నాను.

అతను తవ్వడం ఆపలేదు. "తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"కౌన్సిల్ మనిషి చేతిలో ఆ ఉత్తరం చూశాను. మీ అన్నయ్య రాత నాకు తెలీదా? ముప్పై ఏళ్ళుగా క్రిస్మస్ కార్డుల మీద చూస్తున్నాను. ప్రతి 'టీ' అక్షరం మీదా రైలు సిగ్నల్లా గీత గీస్తాడు."

"మరి అన్ని మాటలన్నాను, రాసింది నువ్వు కాదని చెప్పలేదేం?"

అప్పుడు గడ్డపార ఆనించి కూర్చున్నాడు. "చెబితే నమ్ముతావా? నమ్మావే అనుకో, అప్పుడు మీ అన్నయ్యతో కూడా తెగతెంపులే. నాతో ఎలాగూ అయిపోయింది. నీకు మిగిలింది ఆ ఒక్కడే కదా" అన్నాడు.

నేను అతను లేపిన పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాను. కాసేపటికి అతనే, "ఇంకోటి. నువ్వొక్కదానివే జైల్లో ఉన్నావనుకున్నావా? నాకూ బయట పడాలనుంది హేజెల్. ఆ ఉడికీ ఉడకని బంగాళాదుంపల వాసన ఇక పీల్చలేను" అన్నాడు. ఎన్నేళ్ళకో ఇద్దరం నవ్వాం. నవ్వుతూ ఏడ్చాను, అతను చూడనట్టు నటించాడు.

మూడు పక్కల పునాది గట్టిగానే ఉంది. నాలుగోది, మురుగు గొట్టం వైపు, చెంబెడు సిమెంటు కూడా లేదట. "ఆ రోజు ఫుట్‌బాల్ ఫైనల్" అన్నాడు. కౌన్సిల్ మనిషి అది మళ్ళీ తవ్వి పోయమన్నాడు. పోస్తున్నాడు. ఎదురింటివాళ్ళ దగ్గర తాపీ అరువు తెచ్చుకున్నాడు. అది చూడలేక నేను వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చాను. "బావుంది" అని గట్టు మీద పెట్టి, అరువుదానితోనే పని చేస్తున్నాడు. కాలవ దగ్గరికీ వెళ్ళాను. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి, ఏమీ కనపడదు.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. రాసినందుకు కాదు. నా మంచి కోరే రాశావు, అద్దం రోజులాగే. అప్పుడు కూడా నాన్న నన్ను కొట్టాడు, నీకు తెలీదు, నువ్వు బయటికి వెళ్ళాక కొట్టాడు. కోపం ఎందుకంటే, తెలిసీ నర్సిస్సస్ పూల గురించి రాశావు. ఆ రోజే ఫోన్ చేసుంటే అతని నాన్న తాపీ ఇవాళ అతని చేతిలో ఉండేది.

మీ వెనకగది వద్దు. నువ్వు ఇంకొక ఉత్తరం రాయాలి. మర్యాదగా, రాతపూర్వకంగా. ఈసారి కౌన్సిల్‌కి కాదు, నార్మన్‌కి.

వదినతో నీతో మాట్లాడమని చెప్పు. నేను మాట్లాడుతున్నానుగా.

హేజెల్

ఫైలీ
1999 ఆగస్టు 1

అన్నయ్యా,

కొత్త చిరునామా పైన ఉంది. కంగారుపడకు, అంతా రాస్తాను.

కౌన్సిల్ కాగితం ఏప్రిల్ చివర్లో వచ్చింది. అప్పటికి ఈస్టర్ దాటిపోయింది. ఆర్మరాయిడ్ గారు పాపం ఒక వారం ఎక్కువే ఆగింది, తర్వాత ఫ్లాటు ఇంకెవరికో ఇచ్చేసింది. నా సముద్రం కిటికీ ముందు ఇప్పుడు ఎవరో గిన్నెలు కడుక్కుంటున్నారు. గ్యారీ, మిషెల్ మాత్రం తిరిగొచ్చారు. నెలలు నిండిన పొట్టతో ఇళ్ళు చూస్తూ తిరగలేక ఆ పిల్ల మాదే కావాలందట. బేరం కొంత తగ్గించారు, ఒప్పుకున్నాం. బిడ్డ మేలో పుట్టింది, ఆడపిల్ల. నా గదిలోనే ఉయ్యాల.

నాకు అదే బిల్డింగులో వెనకవైపు ఫ్లాటు దొరికింది. కిటికీలోంచి కార్లు పెట్టే స్థలం, చెత్త డబ్బాలు కనపడతాయి. సముద్రం కనపడదు. గాలి అటు నుంచి వీస్తే వినపడుతుంది. నీలం గీతల పరదాలు రెండంగుళాలు పొట్టిగా వచ్చాయి. కాగితాలన్నీ అఖ్తర్ గారే చూసింది. తాళంచెవులు వచ్చిన రోజు ఫోన్ చేసి, "ఇక మీ వంటగది మాట ఎవరి దగ్గరైనా ఎత్తుకోవచ్చమ్మా" అంది.

నార్మన్ హాలిఫాక్స్‌లో వాళ్ళ పిన్ని కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. నీ ఉత్తరం అందిందట. నాలుగు పేజీలట. జవాబు రాయడం అతనికి చేతకాదు, చదివానని చెప్పమన్నాడు. రెండుసార్లు చదివాడని ఆ పిన్ని కొడుకు చెప్పాడు. ఇల్లు వదిలిన రోజు అతను చివరగా వంటగది గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. నేను కారులో కూర్చుని చూశాను. కొత్త తాపీ పెట్టెలో పెట్టుకున్నాడో లేదో చూడాలనుకుని, అడగలేకపోయాను.

ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. ఈల లేదు, మెట్లు లేవు, అర్ధరాత్రి కూడా గట్టిగా దగ్గుకోవచ్చు. నిన్న చేపముక్క వేయిస్తున్నాను. ఎక్కడో చర్చి గంట ఆరు కొట్టింది. పొయ్యి ఆపేసి, వేగని చేప పళ్ళెంలో వేసుకుని, గబగబా పక్కగదిలోకి వచ్చి తలుపు మూసుకుని కూర్చున్నాను. సగం తిన్నాక గుర్తొచ్చింది, ఇది నా ఇల్లని. లేచి వెళ్ళి మళ్ళీ వేయించుకుందామనుకున్నాను అన్నయ్యా. వెళ్ళలేకపోయాను. ఏడు కొట్టేదాకా తలుపు వంక చూస్తూ అక్కడే కూర్చున్నాను.

వచ్చే నెల మీరిద్దరూ రండి. కెమెలియాకి నీళ్ళు పోయడానికి ఎవర్నైనా చూసి పెట్టుకోమని వదినతో చెప్పు. మీరొచ్చిన రోజు ఆరు తర్వాతే పొయ్యి వెలిగిద్దాం. నువ్వు నా పక్కనే నిలబడు.

నీ చెల్లెలు,
హేజెల్